సముద్రం ఎవరి పక్కన

అన్సెల్మో హెఫ్నెర్ ఉరుగ్వే దేశాన్ని చుట్టేశాడన్న సంగతి మా కొలోన్ పట్నంలో తెలియనివాళ్ళు లేరు. ఎన్నిసార్లు చుట్టాడో ఆయనకే లెక్క లేదు. కాకపోతే ఆ చుట్టడమంతా క్లబ్బులో, కిటికీ పక్క బల్ల మీద పరిచిన రోడ్ల మ్యాపు మీద, చూపుడువేలితో జరిగింది. కారు మాత్రం షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకునే ఉండేది.

అర్జెంటీనావాళ్ళం మాకు ఉరుగ్వే దూరదేశమేమీ కాదు. నదికి ఇవతల మేము, అవతల వాళ్ళు. వంతెన ఎక్కి దిగితే పైసందూ ఊరు. మేము పీల్చే చేదు మాతే కషాయమే వాళ్ళూ పీలుస్తారు, మా భాషే మాట్లాడతారు. ఫుట్‌బాల్ దగ్గర తప్ప మాకూ వాళ్ళకూ పెద్ద పేచీ లేదు. దేశమూ చిన్నదే. క్లబ్బు నడిపే బసీలియో అందుకే ఏడిపించేవాడు: "జాగ్రత్త అన్సెల్మో! కారు నడుపుతూ తుమ్మేవు. కళ్ళు తెరిచేసరికి బ్రెజిల్లో తేలతావు."

అన్సెల్మోది సోడా బండి. సీసాలు పెట్టెల్లో పేర్చుకుని చిన్న లారీలో ఇంటింటికీ వేసేవాడు. పెళ్ళికి ముందు నుంచీ అవే వీధులు, అవే గుమ్మాలు. ఏ ఇంటి కుక్క మొరుగుతుందో, ఏ ఇంటి కుక్క మొరక్కుండా కరుస్తుందో, ఏ గుంత దగ్గర స్టీరింగు ఎటు తిప్పాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. కుడిచేతి ఇళ్ళు వెళ్ళేటప్పుడు, ఎడమచేతి ఇళ్ళు వచ్చేటప్పుడు. ఇదీ ఆయన శాస్త్రం. ఉరుగ్వేని కూడా ఆయన కాస్త పొడుగాటి సోడా వీధిలాగే చూశాడు.

నిజానికి ఈ ప్రయాణం ఆయన కోరిక కాదు, భార్య నెలీదాది. వాళ్ళ పెళ్ళి పాతికేళ్ళ పండుగ నాడు, వేటమాంసం కాలుతుండగా, ఏం కావాలో కోరుకోమని అన్సెల్మో అందరి ముందూ దర్జాగా అడిగాడు. ఆవిడ ఏ మిక్సీయో అడుగుతుందనుకున్నాం.

"సముద్రం చూపించు" అంది నెలీదా.

ఇద్దరూ నది ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళే. సముద్రం ఎరగరు. మా దేశపు సముద్రం కంటే ఉరుగ్వే మీదుగా పోతే దగ్గర. అక్కడితో ఆగి ఉంటే ఆ వారమే పోయి వచ్చేవాళ్ళు. కానీ అన్సెల్మో ఆలోచనాపరుడు. "అంత దూరం పోయి ఊరికే నీళ్ళు చూసి రావడమేంటి? పనిలో పని, దేశమంతా చుట్టి వద్దాం" అన్నాడు. నెలీదా సముద్రం కాస్తా ఆ మాటతో మ్యాపులోకి వెళ్ళిపోయింది.

మొదటి చిక్కు, ఎటు నుంచి తిరగాలన్నది. ముందు దక్షిణానికి దిగి, తీరం వెంట తూర్పుకు పోయి, పైనుంచి తిరిగి రావాలా? లేక ముందు ఉత్తరానికి ఎక్కి, అటు నుంచి తీరానికి దిగి, సముద్రం పక్కగా ఇంటికి రావాలా? ఇదేం పెద్ద విషయమని మీరనుకోవచ్చు. మా క్లబ్బు ఈ విషయం మీద రెండుగా చీలిపోయింది. పేకాటలో జోడీలు మారిపోయాయి. బసీలియో దక్షిణం పార్టీ. అన్సెల్మో మాత్రం రోజుకో పార్టీ.

ఒకనాడు నెలీదా ఆయన్ని భోజనానికి పిలవడానికి వచ్చి, మ్యాపు మీదికి వంగి చూసింది.

"కింది నుంచి పోతే సముద్రం ఏ చేతి వైపు వస్తుంది?"

"కుడిచేతి వైపు. అంటే నువ్వు కూర్చునే పక్క."

"పైనుంచి వస్తే?"

"ఎడమ పక్క. అంటే స్టీరింగు ఉండే నా వైపు."

"అయితే ఇంకా ఆలోచనెందుకు ముసలోడా? కింది నుంచే పోదాం."

"అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలాగే ముసల్దానా? డ్రైవరు కూడా మనిషే కదా!"

"డ్రైవరు రోడ్డు చూడాలి. సముద్రం చూస్తూ నడిపితే అందులోకే పోతాం" అందావిడ. క్లబ్బంతా చప్పట్లు కొట్టింది. అన్సెల్మో మ్యాపు మడిచేసి, సమస్య మొదటి కంటే జటిలమైందని ప్రకటించాడు.

అలా ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు. ఒక ఏడాది వానలని ఆగాడు. మరో ఏడాది టైర్లు కొత్తవి, కాస్త అలవాటు పడాలన్నాడు. ఇంకో ఏడాది అవతల ఎన్నికలు, ఎవరు గెలుస్తారో చూసి వెళదామన్నాడు. ఎవరు గెలిస్తే ఈయన సోడా బండికి ఏమిటో మాకు అంతు పట్టలేదు. అయితే ఏర్పాట్లలో మాత్రం వంక పెట్టడానికి లేదు. పక్కదేశానికి చెల్లే కారు బీమా ప్రతి ఏడూ కట్టేవాడు. ఇంజను బెల్టులు, నీటి పంపు, గొట్టాలు అన్నీ రెండేసి కొని డిక్కీ నింపాడు. దారిలో తనకు నడుం పట్టేస్తే ఎలా అని నెలీదాకు కారు నేర్పించాడు. పాత రేవు దగ్గర ఖాళీ స్థలంలో ఆదివారం మధ్యాహ్నాలు ఆవిడ గుండ్రంగా తిరిగేది, ఈయన పక్కన నడుస్తూ కేకలు పెట్టేవాడు. కారు యజమాని కాకపోయినా ఆవిడ సరిహద్దు దాటడానికి వీలుగా ఆమె పేర నీలం కార్డు కూడా తీయించాడు. మనిషికి ముందుచూపు ఉండాలి కదా!

వాళ్ళింటికి ఎదురుగానే నా సైకిల్ షాపు. అందుకని తర్వాత జరిగింది నేను కళ్ళారా చూశాను.

ఆ ఏడు ఈస్టరుకి ఇంకా వారం ఉందనగా, శనివారం పొద్దున, అన్సెల్మో మాతే తాగుతూ గాలి వాసన చూశాడట. "ఈసారికి వద్దులే ముసల్దానా. పండగ వారం, రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి. వచ్చే ఏడు తీరిగ్గా పోదాం" అన్నాడట.

"సరే" అందట నెలీదా.

అంత పొట్టి "సరే" విన్నప్పుడే ఏ మొగుడైనా ఉలిక్కిపడాలి. అన్సెల్మో టోపీ పెట్టుకుని సోడా వేయడానికి వెళ్ళిపోయాడు. లారీ మలుపు తిరిగిందో లేదో షెడ్డు తలుపు తెరుచుకుంది. నెలీదా, ఆవిడ చెల్లెలు సులెమా డిక్కీలోంచి ఇనప సామానంతా తీసి కాలిబాట మీద పోస్తున్నారు. దాని బదులు మడత కుర్చీలు, గొడుగు, పూలపూల సంచులు లోపలికి వెళుతున్నాయి.

"రామిరో, అబ్బాయ్! ఈ తుక్కు నీ షాపులో పడెయ్. ఆయనొస్తే ఇయ్యి" అంది నెలీదా.

"ఎక్కడికి వదినా ప్రయాణం?"

"సముద్రానికి."

"అన్నకి చెప్పావా?"

"తొమ్మిదేళ్ళ నుంచి చెప్తూనే ఉన్నానుగా."

"అది సరే, ఎటు నుంచి తిరుగుతారు? పైనుంచా, కింది నుంచా?" నాలోని క్లబ్బు మనిషి ఊరుకోలేక అడిగాడు.

"ఎటు నుంచీ తిరగం. అడ్డంగా పోతాం" అంది సులెమా, కారులో కూర్చుని తలుపు వేసుకుంటూ. నెలీదా రెండుసార్లు ఇంజను ఆర్పి, మూడోసారి ముందుకు దూకించి, వీధి దాటిపోయింది.

మధ్యాహ్నం అన్సెల్మో వచ్చాడు. ఖాళీ షెడ్డు చూశాడు. నా షాపులో తన పంపులూ బెల్టులూ చూశాడు. నేను జరిగింది చెప్పాను. ఒక బెల్టు తీసి, చుట్టి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"టైర్లలో గాలి చూసుకుందా?" అన్నాడు చివరికి.

"తెలీదన్నా."

"పోన్లే. వంతెన మీద ఆపేస్తారు. వేరేవాళ్ళ కారు, కాగితాలు లేకుండా…" అంటూ ఆగిపోయాడు. నీలం కార్డు గుర్తొచ్చింది. బీమా గుర్తొచ్చింది. రేవు దగ్గర ఆదివారాలూ గుర్తొచ్చి ఉంటాయి. పెళ్ళాం పారిపోవడానికి కావలసినవన్నీ దగ్గరుండి సమకూర్చిన మొగుడు మా ఊళ్ళో ఆయనొక్కడే.

సోమవారం క్లబ్బులో ఫోను మోగింది. ఇంట్లో ఎవరూ ఎత్తకపోతే అన్సెల్మో ఎక్కడుంటాడో నెలీదాకు తెలుసు. బసీలియో రిసీవరు తీసి, విని, మొహం చేటంత చేసుకుని అందించాడు. పేకముక్కలన్నీ కింద పడ్డాయి. అందరం చెవులు రిక్కించాం.

"ఎక్కడున్నావే?… తంబోరెస్సా? అదెక్కడ?… ఆగు, మ్యాపు ఉంది… ఇరవయ్యారో నంబరు రోడ్డా! అది మనం అనుకున్న రెండు దారుల్లోనూ లేదే!… ఆవిరి వచ్చిందా? ముందునుంచి వచ్చిందా, పక్కనుంచి వచ్చిందా?… నీటి పంపు. చెప్పానా? రెండోది డిక్కీలోనే… అవును, ఇక్కడే ఉంది. కుర్చీలు పెట్టుకున్నావుగా, వాటి మీద కూర్చో."

పంపు అక్కడ దొరకదట. పండగ వారం. ఉరుగ్వేలో పవిత్ర వారం అనరు, దాన్ని పర్యాటక వారం అంటారు. పేరుకు తగ్గట్టే దేశమంతా కొట్లు కట్టేసి ఎటో ఒకవైపు పోతుంది. వచ్చే వారం దాకా సామాను రాదన్నాడట అక్కడి మెకానిక్.

ఫోను పెట్టేశాక అన్సెల్మో మ్యాపు వైపు చూస్తూ నిలబడ్డాడు. తంబోరెస్ పైసందూకి తూర్పున, ఏ ఒడ్డుకీ చెందని చోట, ఈగ వాలినట్టు చిన్న చుక్క.

"రేపు వెళతావా అన్నా?" అన్నాను.

"బస్సు టైములు తెలుసుకోవాలి. రాత్రికి ఎక్కడ పడుకోవాలో, ఏ బస్సు దేనికి అందుతుందో…"

"ఇదీ తొమ్మిదేళ్ళు చేస్తావా?" అన్నాడు బసీలియో. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని నేనే బస్టాండుకు తీసుకెళ్ళాను. ఒళ్ళో నీటి పంపు, పాత తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. షేవు చేసుకుని, చర్చికి వెళ్ళే చొక్కా వేసుకున్నాడు. బస్సు రాగానే ఎక్కకుండా నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్ రామిరో, ఇక్కడ ఏ తలుపు కొట్టినా లోపలినుంచి 'అన్సెల్మో వచ్చాడు' అంటారు. అక్కడ నన్నెవరెరుగుతారురా?"

అప్పటిదాకా టైర్లు, వానలు, ఎన్నికలు అంటుంటే నవ్వుకున్నవాళ్ళం. అసలు సంగతి అది. "పంపు జాగ్రత్త అన్నా" అని బస్సెక్కించాను.

తర్వాతి భాగమంతా ఆయన నోటే విన్నాను, కొంచెం ఉప్పూ కారం ఆయన కలిపినా కలిపి ఉండవచ్చు.

వంతెన మీద తనిఖీ చేసే ఆవిడ తువ్వాలు విప్పమంది. పండ్లో మాంసమో దాచాడనుకుంది.

"ఇదేంటి పెద్దాయనా?"

"నీటి పంపమ్మా. మా ఆవిడ తంబోరెస్‌లో ఆగిపోయింది."

"మీ ఆవిడకి ఇది వేస్తే నడుస్తుందా?" అంది ఆవిడ. బస్సంతా గొల్లుమంది. అన్సెల్మోకూ నవ్వొచ్చింది. కొత్తచోట కొత్తమనిషి తనను ఏడిపించగలదని ఆయన ఊహించలేదు. దాంతో కొంచెం ధైర్యం చిక్కింది.

పైసందూలో ఆ వారం బీరు పండగ. ఊరి నిండా జనం, బస్సుల నిండా జనం. తూర్పు వైపు పోయే బస్సులో నిలబడడానికి కూడా చోటు లేదన్నారు. మా అన్సెల్మో మ్యాపులో ఈ అవాంతరానికి దారి గీసి లేదు. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాడు. పక్కన చంకలో ఫ్లాస్కు ఇరికించుకుని మాతే పీలుస్తున్న ఒక లావుపాటి మనిషి, ఒక్క ముక్క మాట్లాడకుండా మాతే పోసిన సొరకాయ బుర్ర ఈయనకు అందించాడు. రెండో బుర్రకి ఈయన పంపు కథ చెప్పాడు. మూడో బుర్రకి ఆ మనిషి లేచి, "పద. నా లారీ తంబోరెస్ అడ్డరోడ్డు మీదుగానే తకువరెంబో పోతోంది. గొర్రెలుంటాయి, ఏమనుకోకు" అన్నాడు.

అన్సెల్మో జన్మలో లారీలో కుడిపక్క కూర్చోవడం అదే మొదటిసారి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదట. గుంత వచ్చినప్పుడల్లా లేని బ్రేకును తొక్కేవాడట. మొదటి గంటంతా ఆ డ్రైవరుకి గేరు ఎప్పుడు మార్చాలో చెప్పాడు. ఆ మనిషి ఓపిగ్గా విని, "అన్నా, నువ్వు కిటికీలోంచి చూడు, గేరు నేను చూసుకుంటా" అన్నాడు. వేరే పని లేక చూశాడు. గడ్డి. ఎంత దూరం చూసినా గడ్డి, దాని మీద మేఘాల నీడలు పాకుతూ పోవడం. మధ్యమధ్య బల్లపరుపుగా కోసినట్టున్న గుట్టలు. "అరే, ఏమీ లేకపోయినా ఎంత బాగుందిరా" అని నాతో అన్నాడు తర్వాత. లారీ ఆగిన ప్రతిచోటా వెనక గొర్రెలు అరిచేవి. వాటికి ఏదో ఊరొచ్చిందన్న సంబరం.

తంబోరెస్ అడ్డరోడ్డు దగ్గర దిగి, పంపు చంకన పెట్టుకుని, నడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్ళాడు. మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలాయన పాత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఈయన దారి అడగబోయేలోగా ఆయనే లేచాడు.

"సోడా ఆయనేనా?"

అన్సెల్మో చంకలోని పంపు సర్దుకుని తలూపాడు.

"రావోయ్ రా! ఏమ్మా, సోడా అన్సెల్మో వచ్చాడు!" అని ముసలాయన లోపలికి కేకేశాడు. రెండో ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "నడుం ఎలా ఉందయ్యా?" అంది. మూడో ఇంటి దగ్గర ఎవరో, "పైనుంచి వచ్చావా, కింది నుంచా?" అని అరిచారు. నెలీదా మూడు రోజుల్లో ఆ ఊరికి మొగుణ్ణి అరటిపండు ఒలిచినట్టు ఒలిచి పెట్టేసింది. ఆయన గురకతో సహా.

ఇంతకీ నెలీదా ఎక్కడుంది? ఏడుస్తూ, రోడ్డు వైపు చూస్తూ ఉంటుందనుకున్నాడు అన్సెల్మో. ఓర్ఫీలియా అనే ఒక వితంతువు పెరట్లో, మడత కుర్చీలో, అచ్చం అక్కడి వాళ్ళలాగే చంకలో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుని ఉంది. సులెమా పొయ్యి దగ్గర కొవ్వులో రొట్టెలు వేయిస్తోంది.

నెలీదా తలెత్తి చూసింది. "అప్పుడే వచ్చేశావా?" అంది.

"అప్పుడేనా! నువ్వు ఎండలో అల్లాడిపోతున్నావని…"

"రేపు మెకానిక్ వీల్మార్ గొర్రెపిల్లని కాలుస్తానన్నాడు. నువ్వు ఎల్లుండి వస్తావనుకున్నాం." తర్వాత ఆయన చంకలోని మూట చూసి, కళ్ళు తిప్పుకుని, మెల్లగా, "ఎలా వచ్చావు?" అంది.

"గొర్రెల లారీలో."

"నువ్వా?"

"నేనే."

నెలీదా లేచి, ఆయన చర్చి చొక్కాకి అంటుకున్న ఉన్ని పోగులు ఒక్కొక్కటే తీసింది. ఆ పని కొంచెంసేపే పట్టేది, చాలాసేపు పట్టిందట.

మెకానిక్ వీల్మార్ ఆ సాయంత్రమే పంపు బిగించాడు. అన్సెల్మో పక్కన నిలబడి ఏ బోల్టు ముందు బిగించాలో చెబుతుంటే, వీల్మార్ అలాగే అంటూ తన పద్ధతిలో తను చేసుకుపోయాడు. గొర్రెపిల్ల సంగతి ఉంది కనుక మర్నాడు కదల్లేదు. ఆ పైరోజు బయలుదేరేటప్పుడు అన్సెల్మో హుందాగా చెయ్యి చాచి తాళాలడిగాడు. నెలీదా అప్పటికే స్టీరింగు ముందుంది. ముందు సీటులో సులెమా ఉంది. కారు ఎక్కినప్పటి నుంచీ ఆ సీటు తనదేనంది. మిగిలింది వెనక సీటు. సగం కుర్చీలు, గొడుగు, ఓర్ఫీలియా కట్టిచ్చిన రొట్టెల మూట. వాటి మధ్య ఈయన.

దారంతా సలహాలిచ్చాడట. సులెమా రేడియో పెంచేసిందట.

తీరానికి చేరేసరికి సాయంత్రమైంది. రోచా దగ్గర ఇసుక తిన్నెల వెనక కారు ఆపి, ముగ్గురూ చెప్పులు చేతబట్టుకుని ఎక్కారు. చల్లగాలి. పైకెక్కి చూస్తే ఇంక ఎదర ఏమీ లేదు, నీళ్ళే. నెలీదా మాట్లాడలేదు. నెలీదా మాట్లాడకపోవడం సముద్రం కంటే వింతగా తోచింది అన్సెల్మోకి. ఆవిడ లంగా మోకాళ్ళ దాకా ఎత్తుకుని నేరుగా నీళ్ళలోకి నడిచి, అల కాళ్ళకు తగలగానే కెవ్వున అరిచి నవ్వింది. పెళ్ళినాటి నవ్వు అన్నాడు అన్సెల్మో.

ఆయన అంచు దగ్గరే నిలబడి నురగను పరీక్షగా చూశాడు. "గ్యాసు బాగా పట్టారు" అన్నాడు వృత్తి మర్యాద తప్పకుండా.

"రా ముసలోడా!"

"లోతు ఎంతుందో…"

"నీ మ్యాపులో రాసి లేదా?" అంది సులెమా, వెనకనుంచి తోస్తూ. చర్చి చొక్కాతో సహా తడిశాడు.

అక్కడి నుంచి తీరం వెంట పడమరకు, ఇంటి వైపు. సముద్రం ఎడమపక్క. నెలీదా ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను నీళ్ళ మీద పెట్టి నడిపింది. ఎక్కడ నచ్చితే అక్కడ ఆపింది. చుట్టూ తిరగనూ లేదు, ఏ పార్టీ గెలవనూ లేదు. ఈస్టరు వెళ్ళాక ఇంటికొచ్చారు, ముక్కులు కమిలి, కారు నిండా ఇసుకతో. క్లబ్బులో బసీలియో ప్రయాణం గురించి అడిగితే అన్సెల్మో ఉరుగ్వే గొర్రెల గురించి చాలాసేపు మాట్లాడాడు.

మా వైపు వేసవి జనవరిలో వస్తుంది. ఆ వేసవిలో, ఎండ మండిపోయే ఒక మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీస్తున్న వేళ, దుమ్ము కొట్టుకున్న ఒక చిన్న లారీ హెఫ్నెర్ల ఇంటి ముందు ఆగింది. వీల్మార్, ఓర్ఫీలియా దిగారు. చెప్పాపెట్టకుండా వచ్చారు. మా ఊరి వేణ్ణీళ్ళ బుగ్గల్లో స్నానాలకు, మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయని. అన్సెల్మో బనీనుతో, ఒక కాలికి మాత్రమే చెప్పుతో, గుమ్మంలోకి వచ్చాడు. ఇంట్లో మాంసం లేదు, అదనపు పరుపు లేదు, నెలీదా చెల్లెలి ఇంటికి వెళ్ళింది. నేను నా షాపులోంచి చూస్తున్నాను, ఇప్పుడేం చేస్తాడోనని.

ఆయన ఓర్ఫీలియా సంచి అందుకుని, లోపలికి దారిచ్చి, అక్కడినుంచే వీధికి అడ్డంగా అరిచాడు:

"రామిరో! మీ ఇంట్లో ఎన్ని పరుపులున్నాయిరా? ఉన్నవి పట్రా! వచ్చేటప్పుడు నీ పెళ్ళాన్నీ తీసుకురా. మాంసం కూడా!"